ఇంటి పెద్ద పోయాక ఇల్లు నడవాలంటే: జీవిత బీమా మీద మా గోదారి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏజెంటును కాను, ఎవరి దగ్గరా నాకు కమీషన్ రాదు. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మా నాన్నగారు పోయినప్పుడు ఆయన పాలసీ కాగితాల వెంట నెలల తరబడి తిరిగాను. ఆ తిరుగుడులో నాలుగు సంగతులు తెలిశాయి కదా అని, చుట్టుపక్కల ఎవరింట్లో ఇలాంటిది జరిగినా సంచీలో కాగితాలు వేసుకుని మా అరుగు మీదికి వస్తున్నారు. అందరూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారు, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా.

మనిషే పోయాక ఆ డబ్బుతో ఏం చేసుకుంటామండీ?

ఈ మాట మా అమ్మ కూడా అంది. తప్పేం లేదు, ఆ సమయంలో ఎవరైనా అంటారు. కానీ ఇంట్లో ఏడుపు ఆగకముందే లెక్కలు మొదలవుతాయి. టెంటు, వంటవాళ్లు, పెద్దకర్మ భోజనాలు, ఇవి ఎలాగో బంధువులు సర్దుతారు. పన్నెండో రోజు నుంచి అసలు కథ. నోటు మీద అప్పిచ్చినవాళ్లు మొదట పరామర్శకి వస్తారు, రెండోసారి వచ్చినప్పుడు కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చుంటారు, మూడోసారి నోటు జేబులో పెట్టుకుని వస్తారు. మేత కొట్టులో బాకీ, ఎరువుల బాకీ, కౌలు డబ్బులు, పిల్లల ఫీజు అన్నీ ఒకే నెలలో మీద పడతాయి.

మా నాన్నగారు దాళ్వా కోతల ముందు పోయారు. నూటికి రెండు రూపాయల వడ్డీ నోట్లు మూడు ఉన్నాయి, అంటే ఏడాదికి 24 శాతం. వడ్డీ పెరిగిపోతుందన్న టెన్షన్‌లో కాలవ గట్టు పక్క అరెకరం అమ్మేశాం, కొన్నవాడు చెప్పిందే ధర. ఏడు నెలల తర్వాత ఇల్లు సున్నం వేయిస్తుంటే ట్రంకు పెట్టెలో మా అక్క శుభలేఖల కింద పాలసీ బాండు దొరికింది. అప్పులు తీర్చడానికి సరిపడా డబ్బు అందులో ఉంది. అంటే మేం అరెకరం అమ్ముకున్న రోజున కూడా ఆ డబ్బు మా ఇంట్లోనే, ఆ పెట్టెలోనే ఉంది. నాన్నగారు కట్టారు, క్రమం తప్పకుండా కట్టారు, అమ్మకి మాత్రం చెప్పలేదు.

అందుకని నా ఉద్దేశంలో బీమా చేసే మేలు ఏమిటంటే, పోయిన మొదటి ఆరు నెలల్లో తొందరపడి ఏదీ అమ్ముకోకుండా కుటుంబానికి కాస్త గడువు ఇస్తుంది. పొలమో, చెరువో, కొబ్బరితోటో ఉంచుకోవాలా అమ్మాలా అన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఎంతకి చేయించుకోవాలి?

ఏజెంటు చెప్పినంతకి కాదు. ఒక కాగితం తీసుకోండి. ఉదాహరణకి రొయ్యల చెరువు కౌలుకి చేసే 35 ఏళ్ల మనిషి, చిన్నపిల్లకి 6 ఏళ్లు అనుకుందాం. ఇంటి ఖర్చు నెలకి 20,000, ఏడాదికి 2,40,000. ఆ పిల్లకి 21 వచ్చేదాకా 15 ఏళ్లు, అంటే 36 లక్షలు. ధరలు పెరుగుతాయి, బ్యాంకులో వేసిన డబ్బుకి వడ్డీ వస్తుంది, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయనుకుందాం. అప్పులు 9 లక్షలు. ఇద్దరు పిల్లల చదువులకి 10 లక్షలు. మొత్తం 55 లక్షలు. ఇప్పటికే ఉన్న పాలసీలు ఓ 3 లక్షలు తీసేస్తే 52. ఇల్లు, ఆడవాళ్ల బంగారం ఇందులో కలపకండి, అవి అమ్ముకోకుండా ఉండటానికే కదా ఈ తంటా అంతా.

మా దగ్గరికి వచ్చిన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది లక్ష, రెండు లక్షలు, మహా అయితే 5 లక్షల పాలసీ. ఎకరం చెరువుకి ఒక పంటకి పెట్టే పెట్టుబడితో పోల్చి చూసుకోండి, మీకే తెలుస్తుంది.

మనీ బ్యాక్ మంచిదా, టర్మ్ మంచిదా? టర్మ్‌లో బతికుంటే ఏమీ రాదంట కదా?

రాదు, నిజమే. టర్మ్ అంటే అచ్చంగా బీమాయే, గడువులోపు మనిషి పోతేనే డబ్బు. మోటార్ సైకిల్ ఇన్సూరెన్స్ కడతారు, ఏడాదంతా బండికి ఏమీ కాకపోతే డబ్బులు వెనక్కి ఇమ్మని అడుగుతున్నారా?

ఎండోమెంట్, మనీ బ్యాక్ అంటే పొదుపు, బీమా కలిపి ఒకే గిన్నెలో వండిన పులగం. 35 ఏళ్ల వయసులో 20 ఏళ్లకి 10 లక్షల ఎండోమెంట్ తీసుకుంటే ఏడాదికి సుమారు 50,000 దాకా అవుతుంది, పాలసీని బట్టి అటూ ఇటూ మారుతుంది. అదే డబ్బులో చిన్న భాగంతో 50 లక్షల టర్మ్ వస్తుంది, ఆరోగ్యం బాగుండి పొగాకు అలవాటు లేకపోతే. మన ఇళ్లలో చేతిలో డబ్బు నిలవదు, బలవంతంగానైనా దాచుకుంటాం అని ఎండోమెంట్ కట్టేవాళ్లని నేను తిట్టను. ఎల్ఐసీ 1956లో పుట్టినప్పటి నుంచీ మన పల్లెల్లో పాలసీ అంటే అదే, ఆడపిల్ల పెళ్లికి అక్కరకొస్తుందని కట్టేది. ఉంటే ఉండనివ్వండి. దానికి పైన టర్మ్ ఒకటి తీసుకోండి, అంతే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. నడుస్తున్న పాత పాలసీని సరెండర్ చేసి, అంటే మధ్యలో రద్దు చేసుకుని, కొత్తది తీసుకోమని ఎవరైనా చెప్తే, కొత్తది చేతికి వచ్చేదాకా పాతది ముట్టుకోకండి. కొత్త పాలసీ కాగితాలు అందాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు.

మేం కౌలు రైతులం, మా తమ్ముడు కొబ్బరి దింపులకి వెళ్తాడు. మాలాంటోళ్లకి టర్మ్ ఇస్తారా?

ఇక్కడే చాలామందికి చుక్కెదురవుతుంది. పెద్ద మొత్తం టర్మ్ అడిగితే చాలా కంపెనీలు ఆదాయం కాగితాలు, చదువు కాగితాలు అడుగుతాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అని మనం రిటర్న్ వేయం, దాంతో ఏడాదికి ఎంత సంపాదించినా కాగితం మీద సున్నా. సొంత పొలం ఉన్నవాళ్లు పన్ను పడకపోయినా వ్యవసాయ ఆదాయం చూపిస్తూ రిటర్న్ వేసుకుంటే మంచిది, పాలసీకే కాదు, బ్యాంకు లోనుకీ పనికొస్తుంది.

కాగితాలు లేనివాళ్లకి ఒక దారి ఉంది. 2021 జనవరి 1 నుంచి సరళ్ జీవన్ బీమా అని ఒక టర్మ్ పాలసీని ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ, తప్పనిసరి చేసింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా షరతులు ఒకటే, 18 నుంచి 65 ఏళ్ల వాళ్లకి, 5 లక్షల నుంచి 25 లక్షల దాకా. ఏం పని చేస్తావు, ఎక్కడుంటావు, ఎంత చదివావు అన్నదాన్ని బట్టి కాదనకూడదు. మొదటి 45 రోజుల్లో మాత్రం ప్రమాదంలో పోతేనే పూర్తి డబ్బు. దీని గురించి మన ఊళ్లలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే దీని మీద పెద్దగా గిట్టుబాటు ఉండదు మరి. అడిగి తీసుకోవాల్సిందే.

దింపు తీసేవాళ్లకి కొబ్బరి అభివృద్ధి మండలి కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. పల్లెల్లో ఉండేవాళ్లకి పోస్టాఫీసులో గ్రామీణ తపాలా జీవిత బీమా కూడా ఉంది, 1995లో మొదలుపెట్టారు, 10 లక్షల దాకా ఇస్తారు.

మే నెలలో బ్యాంకులో 436 కట్ అయింది, ఇంకో 20 కట్ అయింది. అవేంటి?

చాలామందికి తెలియకుండానే ఉన్న బీమా అవి. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి. ఎలా పోయినా 2 లక్షలు వస్తుంది, గుండెపోటైనా జ్వరమైనా. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, 55 దాకా కొనసాగుతుంది. కొత్తగా చేరినప్పుడు మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో పోతేనే వర్తిస్తుంది. 20 రూపాయలది సురక్షా బీమా, అది ప్రమాదానికి మాత్రమే, 2 లక్షలు, 70 ఏళ్ల దాకా.

రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా. మే ఆఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే కట్ అవ్వదు, కట్ అవ్వకపోతే బీమా లేదు. అందుకే మే 20 కల్లా ఓ 500 వేసి ఉంచండి. రెండు బ్యాంకుల్లో కట్టినంత మాత్రాన రెండు సార్లు రాదు, ఒక్కసారే. జన్ ధన్ ఖాతా రూపే కార్డుకీ ప్రమాద బీమా ఉంది కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా కార్డు వాడి ఉండాలి, బీరువాలో దాచుకుంటే లాభం లేదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనికి వెళ్లేవాళ్లు, పీఎఫ్ కట్ అవుతుంటే, ఆ పీఎఫ్‌తో పాటే ఒక బీమా ఉంటుంది. గరిష్ఠంగా 7 లక్షలు. మన జీతంలోంచి దానికి ఒక్క పైసా కట్ అవ్వదు. పోయినామె పీఎఫ్ డబ్బు తీసుకుని ఈ బీమా అడగకుండా వచ్చేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ బీమా కూడా ఉంటుంది, దాని పేరు, నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి, అప్పుడు ఏది నడుస్తోందో మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి.

నాకు షుగర్ ఉంది. చెప్తే ఇవ్వరేమో, ఏజెంటు రాయొద్దంటున్నాడు.

రాయండి. ప్రీమియం పెరగొచ్చు, ఒక్కో కంపెనీ కాదనొచ్చు కూడా, అయినా నిజమే రాయాలి. రాయకపోతే ఏమవుతుందో చెప్తా. పాలసీ తీసుకున్న మూడేళ్ల లోపు మనిషి పోతే కంపెనీ విచారణకి మనిషిని పంపిస్తుంది. వాళ్లు ఆస్పత్రికి వెళ్తారు, మందుల షాపులో అడుగుతారు, ఊళ్లో టీ కొట్టు దగ్గర కూడా అడుగుతారు. మన ఊళ్లలో ఎవరికి ఏ జబ్బు ఉందో టీ కొట్టులో తెలియనిది ఉంటుందా? దాచిపెట్టారని తేలితే క్లెయిమ్ కొట్టేస్తారు, అప్పుడు కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరు కాదు, మీ ఆవిడ.

మూడేళ్లు దాటితే బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఏ కారణం చెప్పీ పాలసీని ప్రశ్నించకూడదు. దాన్ని పట్టుకుని 'మూడేళ్లలోపు పోతే రూపాయి రాదంట' అని ఒక పుకారు తిరుగుతోంది, అది తప్పు. నిజం రాసి ఉంటే మూడో నెలలో పోయినా ఇవ్వాల్సిందే, విచారణ ఉంటుంది, అంతే. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి 'నువ్వే రాసుకో తమ్ముడూ' అనొద్దు. ఆ తమ్ముడు ఏం రాశాడో తెలిసే రోజుకి మీరు ఉండరు.

నామినీ ఎవరిని పెట్టాలి? ఆధార్‌లో పేరు వేరేగా ఉంది, ఫర్వాలేదా?

పెళ్లికాక ముందు తీసుకున్న పాలసీల్లో నామినీగా అమ్మ పేరు ఉంటుంది. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇరవై ఏళ్లు గడిచినా అదే పేరు. మనిషి పోయాక డబ్బు అత్తగారి ఖాతాలో పడుతుంది. మంచి అత్తగారైతే గొడవ లేదు, కానీ పక్కన మరుదులు, ఆడపడుచులు ఉంటారు కదా, ఎవరి మాట ఎవరు వింటారు. ఇద్దరి మధ్యా పెట్టడం మీకిష్టమైతే అమ్మకి ఇంత శాతం, భార్యకి ఇంత శాతం అని ముందే రాయొచ్చు. మార్చడం పెద్ద పని కాదు, ఒక ఫారం.

పిల్లల్ని నామినీగా పెడితే 18 నిండేదాకా డబ్బు వాళ్ల తరఫున తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయాలి, అపాయింటీ అంటారు. ఆ పేరు ఎవరిదో ఆలోచించి రాయండి.

పేర్ల సంగతి చిన్నది అనుకుంటాం కానీ నేను చూసిన ఆలస్యాల్లో సగం దీనివల్లే. పాలసీలో 'లక్ష్మి', ఆధార్‌లో 'వెంకటలక్ష్మి', బ్యాంకులో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. నలుగురూ ఒకరే అని నిరూపించడానికి అఫిడవిట్లు, తహసీల్దార్ ఆఫీసు, మళ్లీ మళ్లీ. మనిషి బతికుండగా పదినిమిషాల్లో అయ్యే సవరణ అది.

అప్పులోళ్లు బీమా డబ్బు పట్టుకుపోరా?

ఇది ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. ముందు ఒక సంగతి. పోయినవాళ్ల అప్పు, వాళ్ల ఆస్తి మనకి ఎంత వచ్చిందో అంతవరకే మన బాధ్యత. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత పద్ధతిని 2005లో హిందూ వారసత్వ చట్టం సవరణ తీసేసింది. పరువు కోసం తీరుస్తామంటే అది వేరే మాట, మన ఊళ్లలో ఎక్కువమంది తీరుస్తారు కూడా. కానీ నోటు మీద మీ సంతకం కూడా ఉంటే, లేదా మీరు జామీను ఉంటే, అది మీ అప్పే. ఆడవాళ్లూ, ఎక్కడ సంతకం పెట్టమంటున్నారో చదివి పెట్టండమ్మా.

ఇక బీమా డబ్బు. వ్యాపారం చేసేవాళ్లు, చెరువుల మీద అప్పులు ఉన్నవాళ్లు పాలసీ తీసుకునేటప్పుడు వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటామని అడగండి. 1874 నాటి చట్టం, 6వ సెక్షన్. అలా తీసుకుంటే ఆ డబ్బు మొదటి నుంచీ భార్యాపిల్లలది, మగాడి ఆస్తిలో కలవదు, అప్పులవాళ్లు జప్తు చేయించలేరు. అప్పులు ఎగ్గొట్టడానికే తీసుకున్నాడని రుజువైతే మాత్రం కట్టిన ప్రీమియం మేరకు వాళ్లకి హక్కు ఉంటుంది. పాలసీకి మొదట ఇచ్చే ప్రపోజల్ ఫారంతో పాటే ఒక అదనపు ఫారం నింపాలి, తర్వాత కలపడం కుదరదు. ఒకసారి రాశాక ఆ పాలసీ మీద మీరు లోను తీసుకోవడం, పేర్లు మార్చడం కూడా ఉండదు, ఆలోచించుకోండి. పెద్ద చెరువులు చేసేవాళ్లకి మాత్రం నేను ఇదే చెప్తాను. ఒక పంటకి రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే ఏమవుతుందో మీకు తెలియనిదా.

పాలసీ మీదే లోను తీసుకుని ఉంటే ఆ లోను, వడ్డీ ముందు కోసుకుని మిగతాది ఇస్తారు. పాలసీని అప్పు కింద బ్యాంకుకి రాసిచ్చి (అసైన్ చేసి) ఉంటే బ్యాంకు బాకీ ముందు. ఇల్లు కట్టుకోవడానికి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లే లోను మీద ఒక బీమా కట్టించి ఉండొచ్చు, ఆ కాగితాలు తీసి చూడండి, ఉంటే ఆ అప్పు దానితోనే తీరుతుంది.

మా ఆయన ఏమీ చెప్పకుండా పోయారు. పాలసీలు ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

బ్యాంకు పాస్‌బుక్ ఐదేళ్లది ప్రింట్ వేయించండి, ఏటా ఒకే నెలలో ఒకే మొత్తం పోతుంటే అది ప్రీమియమే. ఫోన్ పారేయకండి, సిమ్ తీసేయకండి, గడువు దగ్గరపడిందని మెసేజ్‌లు ఆ నంబరుకే వస్తాయి. ఊళ్లో ఏజెంట్లని అడగండి, మన ఊళ్లలో ఏ ఏజెంటు ఎవరి చేత కట్టించాడో మిగతా ఏజెంట్లకి తెలుసు. ఆఫీసులో పనిచేసే మనిషైతే జీతం స్లిప్పు చూడండి. ట్రంకు పెట్టెలో శుభలేఖల కింద కూడా చూడండి.

ఎవరూ అడగకుండా ఉండిపోయిన డబ్బు ప్రతి కంపెనీ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు, పేరు, పుట్టిన తేదీ, పాన్ ఉంటే చాలు. పదేళ్లు దాటితే ఆ డబ్బు సీనియర్ సిటిజన్స్ సంక్షేమ నిధికి వెళ్తుంది, వెళ్లిన తర్వాత కూడా 25 ఏళ్ల దాకా అడిగి తెచ్చుకునే హక్కు ఉంది.

ప్రీమియం మధ్యలో ఆగిపోయింది, మొత్తం పోయినట్టేనా?

కాకపోవచ్చు. నెలనెలా కట్టేదైతే 15 రోజులు, మూడు నెలలకో ఆర్నెల్లకో ఏడాదికో కట్టేదైతే 30 రోజులు గ్రేస్, అంటే అదనపు గడువు, ఉంటుంది, ఆ రోజుల్లో పోయినా పూర్తి డబ్బు వస్తుంది. టర్మ్ అయితే గ్రేస్ దాటాక ఏమీ ఉండదు. ఎండోమెంట్ లాంటివి కొన్నేళ్లు కట్టి ఉంటే పెయిడప్ అయి కట్టినదానికి తగ్గట్టు ఎంతో కొంత వస్తుంది. ఎల్ఐసీ పాత పాలసీల్లో ఇంకో రాయితీ ఉంది. మూడేళ్లు పూర్తిగా కట్టి ఆపేసిన ఆర్నెల్లలోపు మనిషి పోతే, బాకీ ప్రీమియం కోసుకుని పూర్తి మొత్తం ఇచ్చే పద్ధతి. కాబట్టి 'ల్యాప్స్ అయిపోయిందమ్మా' అని కౌంటర్లో ఎవరైనా అంటే ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి. మనిషి ఉండగానే ఆగిపోతే ఐదేళ్ల లోపు బాకీ కట్టి మళ్లీ నడిపించుకోవచ్చు, దాన్ని రివైవల్ అంటారు, ఆరోగ్యం గురించి మళ్లీ రాసివ్వాలి.

క్లెయిమ్‌కి ఏమేం కావాలి?

ముందు మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఖర్చు ఉండదు, ఏడాది దాటితే పెద్ద అధికారుల ఉత్తర్వు కావాలి. పెద్దకర్మ హడావుడిలో మర్చిపోతారు. ఎవరో ఒక మేనల్లుడికి ఈ పని అప్పగించేయండి. ఒక పది కాపీలు తీసుకోండి, బ్యాంకు, కరెంటు, పొలం పాస్‌బుక్, గ్యాస్ అన్నిటికీ అదే కావాలి.

తర్వాత ఒరిజినల్ బాండు, నామినీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, క్లెయిమ్ ఫారం, ఎల్ఐసీ అయితే 3783 నంబరు ఫారం. ఆస్పత్రిలో పోతే కేస్ షీట్, డిశ్చార్జి కాగితాలు. బాండు వరదలో తడిసిపోయినా, పోయినా ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఏదైనా తేడా వస్తే మాదే బాధ్యత అనే పత్రం) రాసిచ్చి క్లెయిమ్ చేసుకోవచ్చు, 1986 వరదల్లో పెట్టెలు పెట్టెలు కొట్టుకుపోయిన ఊళ్లు మనవి, ఇది కొత్త సమస్య కాదు. నామినీ లేకపోతే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, కొన్ని కేసుల్లో కోర్టు వారసత్వ పత్రం అడుగుతారు.

ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ మీద సీలు, తేదీ వేయించుకోండి. నేను వేయించుకోలేదు. మూడు నెలల తర్వాత వెళ్తే 'మీ ఫైలు ఇక్కడ లేదు' అన్నారు. మళ్లీ మొదటి నుంచి.

చెరువులో ఏరేటర్ దగ్గర కరెంటు కొట్టింది, పోలీసులకి చెప్పకుండా దహనం చేసేశాం. ఇప్పుడు?

జీవిత బీమా మామూలు మొత్తం వస్తుంది. ప్రమాదానికి ఇచ్చే అదనపు డబ్బు, సురక్షా బీమా మాత్రం కష్టమే. ప్రమాదం అని చూపించే కాగితం ఏదీ లేదు కాబట్టి. పోస్టుమార్టం అంటే శవాన్ని కోస్తారని మనవాళ్లు ఒప్పుకోరు, ఆ బాధ నాకూ అర్థమవుతుంది. అయినా కరెంటు షాకు, నీళ్లలో మునగడం, బండి ప్రమాదం, ఇలాంటివాటికి ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మూడూ ఉండాలి. పాముకాటు, కొబ్బరిచెట్టు మీంచి పడటం కూడా సురక్షా బీమాలో ప్రమాదమే, కానీ ఆస్పత్రి రికార్డు ఉండాలి. నాటువైద్యుడి దగ్గర పోతే రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రాణం కోసమైనా ముందు ఆస్పత్రికే తీసుకెళ్లండి.

వేటకి వెళ్లి సముద్రంలో గల్లంతయ్యాడు. శవం దొరకలేదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది, జవాబు చెప్పడానికి నోరు రాదు. మామూలుగా అయితే ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే చనిపోయినట్టు చట్టం అనుకుంటుంది, కోర్టు ఉత్తర్వు కావాలి, అప్పటిదాకా ప్రీమియం కడుతూ పాలసీ నిలబెట్టుకోవాలి. గల్లంతైన రోజే పోలీసు ఫిర్యాదు చేయండి, మత్స్యశాఖకీ చెప్పండి, ఏడేళ్ల లెక్క తేల్చేటప్పుడు ఆ కాగితమే సాక్ష్యం. తుపానుల్లో ప్రభుత్వం మృతుల జాబితా ప్రకటిస్తే కంపెనీలు నియమాలు సడలిస్తుంటాయి. రిజిస్టరైన మత్స్యకారులకి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది, మరణానికి 5 లక్షలు, పేరు ఉందో లేదో వేట మొదలయ్యే ముందే చూసుకోండి.

మా అక్క కువైట్‌లో పోయింది. ఇక్కడి పాలసీ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, జీవిత బీమా ఏ దేశంలో పోయినా వర్తిస్తుంది. అక్కడి మరణ పత్రం మీద భారత రాయబార కార్యాలయం ముద్ర వేయించుకోవాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్లేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, దాని మీద వెళ్లినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, రెండేళ్లకి 275, మూడేళ్లకి 375, ప్రమాదంలో పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపించే ఏజెంట్లు దీన్ని ఎగ్గొట్టిస్తారు. వెళ్లే ముందు ఆ కాగితం ఫోటో తీసి ఇంట్లో వాట్సాప్‌లో పెట్టించుకోండి.

ఆత్మహత్య అయితే?

పాలసీ మొదలైన, లేదా రివైవల్ అయిన 12 నెలల లోపు అయితే కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం వెనక్కి వస్తుంది. ఆ తర్వాతైతే పూర్తి మొత్తం ఇవ్వాలి. ఆ ఇంట్లోవాళ్లు సిగ్గుతో ఆఫీసుకే వెళ్లరు. ఎవరైనా తోడు వెళ్లండి. అప్పుల బాధలో అలాంటి ఆలోచనలు మీకే వస్తుంటే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఎన్నాళ్లలో ఇస్తారు? ఇవ్వకపోతే ఎవరికి చెప్పాలి?

విచారణ అవసరం లేకపోతే 15 రోజులు, ఉంటే 45 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. కదలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్లు ఫిర్యాదులు తీసుకునే బీమా భరోసా, నంబరు 155255. అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారి, హైదరాబాద్‌లో ఉంటారు, ఆంధ్రా, తెలంగాణతో పాటు యానాం కూడా ఆ ఆఫీసు కిందే, కాబట్టి యానాంవాళ్లు పుదుచ్చేరి దాకా వెళ్లక్కర్లేదు. 50 లక్షల దాకా వినగలరు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి.

ఈ డబ్బుకి పన్ను ఉందా?

మరణానికి వచ్చే డబ్బుకి ఆదాయపు పన్ను లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు.

డబ్బు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఆర్నెల్లు ఏమీ చేయకండి. ఎక్కువ వడ్డీ నోట్లు తీర్చేసి, తీర్చిన ప్రతి నోటూ వెనక్కి తీసుకుని చించేసి, మిగతాది బ్యాంకులో ఫిక్సెడ్ వేసేయండి. డబ్బు పడిన సంగతి బంధువులకి ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు కానీ తెలుస్తుంది. చేబదులు అడుగుతారు, చీటీ వేయమంటారు, చెరువులో భాగం పెట్టమంటారు, అదే బీమా కంపెనీ పక్క బల్ల మీంచి ఒకాయన లేచి కొత్త పాలసీ చూపిస్తాడు. 'బ్యాంకులో వేసేశాం, ఏడాది దాకా తీయడం కుదరదు బాబాయ్' అనండి, అది చెల్లే మాట. నెలనెలా కావాలంటే పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్‌లో ఒక్కరి పేరు మీద 9 లక్షల దాకా వేసుకోవచ్చు.

ఇంట్లో ఎలా చెప్పాలి? ఆ మాట ఎత్తితేనే మా ఆవిడ ఏడుస్తుంది.

మా ఇంట్లోనూ అంతే, 'సంధ్యవేళ ఆ మాటలేంటి' అంటుంది. నేను మాట్లాడటం మానేసి ఒక రెండు వందల పేజీల నోటుబుక్ కొన్నాను. మొదటి పేజీలో పాలసీ నంబర్లు, ఎంతకి, ఏ నెలలో కట్టాలి, బాండు ఎక్కడుంది. రెండో పేజీలో బ్యాంకు ఖాతాలు, మే నెలలో కట్ అయ్యేవి. మూడో పేజీలో నేను ఎవరికి ఎంత ఇవ్వాలి, నాకు ఎవరు ఎంత ఇవ్వాలి, ఇది రాయడానికి మాత్రం కాస్త కష్టమైంది, రెండు లెక్కలు ఆవిడకి అప్పటిదాకా తెలియవు. నాలుగో పేజీలో ఎవరికి ఫోన్ చేయాలి. దేవుడి గూట్లో పెట్టి, తీరిగ్గా ఉన్నప్పుడు చూడు అన్నాను.

వారం రోజులు ముట్టుకోలేదు. ఒక రోజు మధ్యాహ్నం తీసి చదువుతూ కూర్చుంది. నేను భయపడుతూనే ఉన్నాను మూడో పేజీ గురించి. ఆవిడ మొదటి పేజీ దగ్గరే ఆగి, 'ఏవండీ, ఊరందరికీ చెప్తారు, ఇందులో నామినీ ఇంకా అత్తయ్యగారి పేరే ఉందేంటి?' అంది. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ అది, పంతొమ్మిదేళ్లయింది. సోమవారం పొద్దున్నే వెళ్లి ఫారం ఇచ్చొచ్చాను, జిరాక్స్ మీద సీలు వేయించుకున్నాను.